పెరటి షెడ్డులో గాజుపూసల స్టూడియో... ఆస్తమా ఉన్నా పెట్టుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 36, మాది రాజమండ్రి. చిన్నప్పట్నుంచి ఆస్తమా ఉంది, రోజూ ఇన్‌హేలర్ వాడుతున్నా, ఈ మధ్య పెద్దగా ఇబ్బంది లేదు. గాజు కడ్డీల్ని టార్చ్ మంట మీద కరిగించి పూసలు చేయడం నేర్చుకున్నాను. మా పెరట్లో పాత సామాన్లు పడేసే సిమెంటు రేకుల షెడ్డు ఉంది, దాన్ని ఖాళీ చేసి స్టూడియోలా మార్చుకుందామని ప్లాన్. గ్యాస్ సిలిండరు, ఆక్సిజన్ మెషీను, చిన్న కరెంటు కొలిమి పెడతాం. ఎన్95 మాస్కు పెట్టుకుంటే సరిపోతుందా డాక్టర్ గారూ? ఆరేళ్ళ పాప ఉంది, నన్ను వదిలి ఉండదు. మా ఆయన అసలు ఈ పనే వద్దంటున్నారు.

జవాబు: మీ ఆయన భయంలో అర్థం ఉందమ్మా, కానీ నేను మాత్రం వద్దని చెప్పను. ఆస్తమా కంట్రోల్లో ఉండి రోజూ మందు వాడేవాళ్ళు ఈ పని చేసుకోవచ్చు. తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో తరతరాలుగా గాజుపూసలు చేస్తున్నారు, ఇది మనకి కొత్త పనేం కాదు. కాకపోతే మీరు మాస్కు గురించి అడిగారు, నేను ముందు షెడ్డు గురించి చెప్పాలి, ఎందుకంటే మీ ఊపిరితిత్తులకి అన్నిటికంటే ప్రమాదమైన రోజు పూసలు చేసే రోజు కాదు, షెడ్డు రిపేరు మొదలుపెట్టే రోజు.

మన దగ్గర పాత సిమెంటు రేకులంటే దాదాపుగా ఆస్బెస్టాస్ రేకులే. రేకు పగలకుండా, కదపకుండా ఉన్నంతకాలం దాన్నుంచి పెద్దగా ఏమీ రాదు. అదే ఎక్జాస్ట్ ఫ్యాను కోసం మేస్త్రీ వచ్చి కటింగ్ మెషీన్‌తో రేకుకి కంత పెట్టాడనుకోండి, కంటికి కనపడనంత సన్నటి పీచు గాల్లోకి లేస్తుంది, అది ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రాదు, దానివల్ల వచ్చే క్యాన్సర్ 20, 30, 40 ఏళ్ళ తర్వాత కూడా బయటపడొచ్చు. అందుకని ఆ రేకులకి డ్రిల్లు పెట్టొద్దు, గీకొద్దు, ఫాల్స్ సీలింగ్ కోసం మేకులు కొట్టించొద్దు. ఫ్యాను ఇటుక గోడకే పెట్టించండి. రేకులు ఇప్పటికే పగిలి ఉంటే తడిపి, బోల్టులు విప్పి, ముక్కలు చేయకుండా నిండు రేకుగానే దింపించి ఇనుప రేకులు వేయించుకోండి, దింపేవాళ్ళకి కూడా మంచి మాస్కులు ఇవ్వండి, వాళ్ళవీ ఊపిరితిత్తులే కదా. కింద పడిన పొడిని చీపురుతో ఊడవకూడదు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డని కవర్లో మూటకట్టేయాలి. ఆ రోజు మీరూ పాపా ఇంట్లో ఉండకపోతేనే మంచిది.

ఇప్పుడు మాస్కు సంగతి. ఎన్95 దుమ్ముని ఆపుతుంది, గ్యాసుని ఆపదు. టార్చ్ మంట అంత వేడిగా ఉన్నప్పుడు గాల్లో ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ డయాక్సైడ్ లాంటి వాయువులు తయారవుతాయి. ఇది ముక్కునీ గొంతునీ పెద్దగా మండించకుండానే లోపలికి దిగిపోతుంది, అందుకే మనిషికి వెంటనే తెలీదు, మోతాదు ఎక్కువైతే కొన్ని గంటల తర్వాత, రాత్రి పడుకున్నాక ఆయాసం మొదలవ్వచ్చు. ఆస్తమా ఉన్నవాళ్ళకి తక్కువ మోతాదు కూడా పడదు. కాబట్టి మిమ్మల్ని కాపాడేది మాస్కు కాదు, గాలి వెళ్ళే దారి. తాజా గాలి మీ వెనకనుంచి రావాలి, మీ మొహాన్ని దాటి మంట మీదుగా వెళ్ళి ఎదురుగా ఉన్న హుడ్డులోంచి, అంటే పొగని లాగే వెడల్పాటి గొట్టం మూతిలోంచి, బయటికి పోవాలి. బాత్రూంలో పెట్టే చిన్న ఫ్యాను దీనికి చాలదు, వెనక తలుపో కిటికీయో మూసేసి ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా కూడా లాభం లేదు, లోపలికి గాలి రాకపోతే బయటికి ఏం పోతుంది. చెక్ చేయడం తేలికే, టార్చ్ వెలిగించక ముందు ఫ్యాను వేసి, మంట ఉండే చోట మీ ఆయన్ని ఒక అగరబత్తి పట్టుకోమనండి, మీరు తలుపు దగ్గర నిలబడి చూడండి, పొగ నేరుగా హుడ్డులోకి లాక్కుపోవాలి, అలా కాకుండా కుర్చీ వైపు తిరిగినా పైకి లేచి గదిలో తిరుగుతున్నా ఆ సెటప్ మార్చాల్సిందే. సీలింగ్ ఫ్యాను వేస్తే ఇదంతా చెడుతుంది. మరి మన ఎండల్లో రేకుల కింద ఫ్యాను లేకుండా మధ్యాహ్నం కూర్చోవడం అయ్యే పని కాదు, వేసవిలో తెల్లారుజామున పని పెట్టుకోండి, నీళ్ళు బయటికొచ్చి తాగండి.

పని చేస్తుండగా తలనొప్పి, వికారం, తల తిరగడం ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అనే రంగూ వాసనా లేని విషవాయువు అనుకోండి. వెంటనే గ్యాసు ఆపేసి బయటికి రండి. కరోనా టైంలో కొన్న పల్స్ ఆక్సీమీటర్ వేలికి పెట్టుకుని 98 చూపిస్తోంది కదా అని మళ్ళీ లోపలికి వెళ్ళొద్దు, ఆ మెషీన్ కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా మంచి రక్తంలాగే చూపిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆన్‌లైన్లో దొరుకుతుంది, ఒకటి కొని పెట్టండి.

సిలిండరు షెడ్డు బయటే ఉండాలి. ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే నేలమీద పేరుకుంటుంది, పైన పెట్టిన ఫ్యాను దాన్ని పూర్తిగా లాగలేదు, అందుకే గోడ అడుగున కూడా వెంటిలేటర్ కంతలు ఉండాలి. ఆక్సిజన్ పైపుల బిగింపుల్ని నూనె చేతులతో ముట్టుకోవద్దు, తలకి కొబ్బరినూనె రాసుకుని అదే చేత్తో పట్టుకున్నా ప్రమాదమే. ఇన్‌హేలర్ ఎప్పుడూ దగ్గరుండాలి గానీ టేబుల్ మీద మంట పక్కన కాదు, అది కూడా ప్రెషర్ డబ్బానే, తలుపు దగ్గర గూట్లో పెట్టుకోండి.

కళ్ళకి డిడీమియం అద్దాలు తప్పకుండా వాడాలి. గాజు కాలేటప్పుడు వచ్చే ఆ పసుపు వెలుతురు సోడియంది, దాన్ని ఈ అద్దాలు ఆపుతాయి, పని స్పష్టంగా కనిపిస్తుంది, చిట్లిన గాజుముక్క కంట్లో పడకుండా కూడా అడ్డం ఉంటుంది. కానీ వేడి కిరణాల్ని ఇవి పెద్దగా ఆపవు. ఏళ్ళ తరబడి కొలిమి ముందు నిలబడే గాజు కార్మికులకి శుక్లాలు వచ్చేది వాటివల్లే. చిన్న పూసలకి అంత భయం లేదు, ఇంకా ఎక్కువ వేడికి గానీ కరగని బోరోసిలికేట్ గాజుతో చేస్తే మాత్రం ఇంకా ముదురు అద్దాలు కావాలి.

పాప విషయంలో కొంచెం గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోకండి. షెడ్డులోకి పాప రాకూడదు, పని లేనప్పుడు కూడా. కొన్ని రంగు గాజు కడ్డీల్లో, ముఖ్యంగా పూస మీద రంగు కోసం చల్లే ఎనామెల్ గాజుపొడుల్లో సీసం, కాడ్మియం ఉంటాయి, పిల్లల మెదడుకి ఇంత సీసం వరకు ఫర్వాలేదు అనే లెక్క లేదు. సీసం లేనివే కొనండి, పొడి చల్లేటప్పుడు ఎన్95 వేసుకోండి, అదిగో అక్కడ ఆ మాస్కు పనికొస్తుంది. పూస ఊడి రావడానికి ఇనుప పుల్లకి ముందుగా రాసే తెల్ల పూత పూస లోపల అతుక్కుంటుంది, దాన్ని నీళ్ళలో తడిపే గీకాలి, అది కూడా వంటింటి సింకులో కాదు, విడిగా ఒక బకెట్‌లో. షెడ్డులో టీ, టిఫిను వద్దు. పని బట్టలు మార్చుకుని చేతులు కడుక్కున్నాకే పాపని ఎత్తుకోండి. ఆ బట్టలు కూడా కాటనే, నైలాన్ నైటీలు, చున్నీలు వద్దు, జుట్టు ముడేసుకోండి. రెండో బిడ్డ కోసం చూస్తుంటే ముందే మీ డాక్టరుకి ఈ పని సంగతి చెప్పండి.

మొదలుపెట్టే ముందు స్పైరోమెట్రీ, అంటే ఊపిరితిత్తుల పనితీరు చూసే ఊదుడు పరీక్ష, చేయించుకోండి. ఎంత వేగంగా ఊదగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఒకటి కొని రెండు వారాలు పొద్దున, సాయంత్రం మూడేసి సార్లు ఊది ఎక్కువ వచ్చింది రాసిపెట్టుకోండి. తర్వాత పని చేసిన రోజు ముందూ వెనకా, రాత్రి పడుకునే ముందూ ఊదండి. మీ మామూలు అంకె కంటే 20 శాతం పడిపోయినా, సెలవు రోజుల్లో బాగుండి పనిరోజుల్లోనే దగ్గు, పిల్లికూతలు వస్తున్నా పని ఆపి ఆ కాగితం పట్టుకుని మీ చెస్ట్ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. బాగుంది కదా అని రోజూ వాడే ఇన్‌హేలర్ మాత్రం మానొద్దు. ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోతుంటే రిలీవర్ (ఆయాసం వెంటనే తగ్గించే ఇన్‌హేలర్) తీసుకుంటూనే 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.

ఇక కాలడం. పూస ఎరుపు పోయాక చల్లారినట్టే కనిపిస్తుంది, కానీ అప్పటికీ వందల డిగ్రీల వేడి ఉంటుంది, వేళ్ళు కాలేది ఎక్కువగా అప్పుడే. కాలితే చేతి గాజులు, ఉంగరాలు తీసేసి కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు పెట్టండి. ఐసు, టూత్‌పేస్టు, ఇంకు, పసుపు ఏమీ రాయొద్దు. అరచేతి కంటే పెద్దగా కాలినా, చర్మం తెల్లగా మారి నొప్పి తెలియకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.