నవ్వీ నవ్వీ ఇంటికొచ్చేసరికి ఓపిక ఉండట్లేదు

ప్రశ్న: ఆరేళ్లుగా ప్రీస్కూల్ టీచర్ని. మూడు, నాలుగేళ్ల పిల్లలు ఎంత అల్లరి చేసినా నవ్వుతూనే ఉంటాను. ఇంటికొచ్చాక మా బాబు రెండోసారి ‘అమ్మా’ అంటే చాలు, కసురుకుంటున్నాను. మావారు ఉద్యోగం మానేయమంటున్నారు. నాకు పిల్లలంటే ఇష్టం పోయిందా?

జవాబు: ఇష్టం పోయినవారు ఇంత బాధపడరు. లోపల లేని నవ్వును రోజంతా ముఖాన నిలబెట్టడమూ పనే. సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో దీనిపై విపులంగా రాస్తూ ‘భావోద్వేగ శ్రమ’ అన్నారు. పైకి నటించడం ఒక తీరు. పిల్లాడు ఎందుకలా చేశాడో ఆలోచించి మన కోపాన్నే తగ్గించుకోవడం ఇంకో తీరు. మనిషిని ఎక్కువగా పిండేసేది మొదటిదే.

ఒకడు పక్కవాణ్ణి కొరికాడనుకోండి. నవ్వక్కర్లేదు. ముందు దెబ్బ తగిలినవాణ్ణి చూడండి. తర్వాత కొరికినవాడి ఎత్తుకు కూర్చుని, ఊపిరి నెమ్మదిగా వదిలి, మామూలు గొంతుతో ‘కొరికితే నొప్పి. నేను కొరకనివ్వను’ అనండి, అంతే. బొమ్మ లాక్కున్నారనో, ఆకలికో, నిద్రకో వచ్చిన కోపాన్ని చెప్పుకునే మాటలు ఆ వయసుకు ఇంకా పూర్తిగా రావు. మీరు అరిస్తే గదంతా అరుస్తుంది.

ఏ సమయంలో ఎక్కువ అలసిపోతున్నారో ఒక వారం రాసుకోండి. సాధారణంగా పొద్దున పిల్లల్ని దింపే వేళా, ఒక పని నుంచి ఇంకో పనికి మారే వేళా తేలతాయి. తల్లిదండ్రుల్ని ఒక ముద్దు పెట్టి, ఎప్పుడొస్తారో చెప్పి వెళ్లిపొమ్మనండి. చెప్పకుండా జారుకుంటే మర్నాడు ఏడుపు పెరుగుతుంది. చేతులు కడిగించడానికి అందర్నీ వరసలో నిలబెట్టకండి, తోపులాట మొదలయ్యేది అక్కడే. నలుగురేసి పంపి, మిగతావాళ్లతో పాట పాడించండి.

ప్రిన్సిపాల్‌తో ‘ఒత్తిడిగా ఉంది’ అంటే సానుభూతి దొరుకుతుంది, సాయం దొరకదు. ‘పడుకోబెట్టే వేళ పది నిమిషాలు గదిలో ఇంకొకరు కావాలి’ అని అడగండి. టీచర్ ఓర్పును మెచ్చుకుంటూ పని పెంచే బడులు చాలానే ఉన్నాయి, జాగ్రత్త.

బాబుకు ముందే చెప్పండి: ‘అమ్మ పదిహేను నిమిషాలు మాట్లాడకుండా కూర్చుంటుంది, తర్వాత నీతోనే.’ ఆ మాట తప్పకండి. కసిరితే ‘తప్పు నాది’ అనండి. ఆ పదిహేను నిమిషాలు మీవారిని బాబును చూసుకోమనండి.

మానేసే సంగతి చిరాకులో తేల్చకండి, టర్మ్ అయ్యేదాకా ఆగండి. సెలవుల తర్వాతా తేలిక పడకపోయినా, ఏడ్చే పిల్లను చూసినా ఏమీ అనిపించకపోయినా అప్పుడు ఆలోచించవచ్చు. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోతే మాత్రం టర్మ్ దాకా ఆగకుండా డాక్టర్ని కలవండి.