వేసవి అప్పగింతలు

రాజోలు దగ్గర మన ఇంటి నుంచి,
ఏప్రిల్ నెలాఖరు

చి.ల.సౌ. చిన్న కోడలికి అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోన్లో "ఆరుగురు పిల్లలతో నెలన్నర, మీరు లేకుండా... నావల్ల అవుతుందా అత్తయ్యా?" అన్నావు. అవుతుంది. కాకపోతే నేను చేసినట్టే చేద్దామనుకుంటే అవదు. ఈ ఇంట్లో నలభై వేసవులు గడిపాను. అందులో ముప్పై తప్పుగానే గడిపాను. ఆ సంగతి ఎదురుగా చెప్పడానికి నాకు మొహమాటం. వాట్సాప్‌లో పెడితే శుభోదయాల కింద కొట్టుకుపోతుంది. అందుకే రాసి బియ్యం డబ్బా మీద పెట్టి వైజాగ్ బండి ఎక్కుతున్నాను. మీ వదిన పురుడయ్యి, బారసాల చూసుకుని, మృగశిర కార్తె నాటికి వచ్చేస్తాను.

ముందు ఎండ సంగతి. మీ హైదరాబాదు ఎండకి నీడలో కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. మనకి నీడలోనూ ఉక్కే. చుట్టూ నీళ్లు, పక్కనే సముద్రం. పట్టిన చెమట ఆరదు, ఆరని చెమట మనిషిని పీల్చేస్తుంది. అందుకని ఇక్కడ రోజుని రెండు ముక్కలు చేసుకోవాలి. తెల్లారగట్ల అయిదు నుంచి తొమ్మిదిన్నర దాకా ఒకటి, సాయంత్రం నాలుగున్నర తర్వాత ఇంకొకటి. మధ్యలో ఉన్నది రోజు కాదనుకో. పది కొట్టేసరికి పొయ్యి ఆరిపోవాలి. పొద్దున్నే టిఫినూ గట్రా అని ఆరుగురికీ అట్లు పోస్తూ నిలబడితే పదకొండవుతుంది, చివరి అట్టు పోసేసరికి మొదటివాడికి మళ్లీ ఆకలేస్తుంది. రాత్రే రెండు సోలలు ఎక్కువ వండి, మజ్జిగ కలిపి చద్దన్నం పెట్టేయ్. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, పాత మాగాయ టెంక ఒకటి. మొదటిరోజు మూతి ముడుస్తారు. నాలుగో రోజు టెంక కోసం కొట్టుకుంటారు.

ఇక పచ్చళ్లు, వడియాలు. అత్తగారు లేరని ఏదీ తగ్గకూడదన్న పంతం నీకుంటుంది. నాకూ ఉండేది. నా మాట విని ఆవకాయ ఒక్కటీ పెట్టు. కొత్త మాగాయ మానేయ్. ముక్కల్ని మూడు రోజులు ఉప్పులో ఊరెయ్యాలి, పిండి ఎండబెట్టాలి, ఊటనీ ఎండలో పెట్టాలి, మబ్బు కనబడితే అన్నీ ఎత్తుకుని లోపలికి పరుగెత్తాలి. ఆరుగురు పిల్లలున్న ఇంట్లో అది అయ్యే పని కాదు. తాండ్ర అసలే వద్దు. చాప మీద రసం రాయడం, ఆరాక దాని మీద ఇంకో పొర, మర్నాడు ఇంకో పొర, ఈలోగా ఈగలు, చీమలు. ఆత్రేయపురంలో అదే పనిగా చేసేవాళ్లున్నారు, కొనుక్కుందాం. వాళ్ల పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తాండ్రకి ఎవరూ ఏ గుర్తింపూ ఇవ్వకపోయినా నా ఓటు దానికే.

ఆవకాయ మాత్రం కొనకూడదు. అది రుచి కోసమే కాదు, ఆ రోజు కోసం. కొత్తపల్లి కొబ్బరి దొరికితే సరే, లేకపోతే పీచుండి, టెంక ముదిరి, పళ్లు జివ్వుమనేంత పుల్లగా ఉన్న నాటుకాయ ఏదైనా సరే. కాయలు బజార్లో కొట్టించకు. ఇంటికి తెచ్చి, కడిగి, తుడిచి, ఫ్యాను కింద గంటసేపు ఆరనిచ్చాకే ముక్కలు కొట్టాలి. మన కొబ్బరికాయలు ఒలిచే అబ్బాయికి కబురు చేస్తే కత్తిపీటతో వచ్చి కొట్టిపెడతాడు. తర్వాత పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి తలో పొడిగుడ్డా ఇవ్వు. జీడి తీసెయ్యాలి, టెంక లోపల అంటుకున్న కాగితంలాంటి పొర తీసెయ్యాలి, ముక్క తుడవాలి. అయిదు గిన్నెల ముక్కలకి గిన్నె ఆవపిండి, గిన్నె కారం, గిన్నెకి కాస్త తక్కువగా ఉప్పు, గుప్పెడు మెంతులు. పప్పునూనె ముక్క తడిసేదాకా. మూడోరోజు తిరగకలిపి, ఉప్పు చూసి, ముక్క మీద నూనె తేలేదాకా మళ్లీ పొయ్యి. జాడీకి వాసెన కట్టాక అటువైపు తడిచెయ్యి పోకూడదు.

ఈ తడి సంగతి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, నేను కాపురానికొచ్చిన రెండో ఏడు మా అత్తగారు ఊళ్లో లేనప్పుడు పంతానికి పోయి వంద కాయల ఆవకాయ పెట్టాను. తొందరలో ముక్కలు సరిగ్గా తుడవలేదు. పదిహేను రోజులకి జాడీ విప్పితే తెల్లటి బూజు. ఆవిడ వచ్చి చూసి ఒక్క మాట అనలేదు. జాడీ ఎత్తుకెళ్లి పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో బోర్లించి, "పోన్లే, కొబ్బరికి ఉప్పు మంచిదే" అంది. తిట్టినా బాగుండేది. నీకలా జరిగితే నాకు చెప్పకుండా చెట్టుకి పోసెయ్. ఇరవై కాయల కన్నా ఎక్కువ మాత్రం పెట్టకు. బేసిన్లో అడుగున మిగిలిన గుండలో వేడన్నం కలిపి ముద్దలు పెట్టడం నీకు నేను చెప్పక్కర్లేదు.

వడియాలు ఒక్క వాయి, సగ్గుబియ్యానివి చాలు. డాబా మీద గుడ్డ పరిచి కాపలా పిల్లలకి అప్పగించు. కాకుల్ని తోలడం వాళ్లకి పని కాదు, ఆటే. మీ ఆయన ఏడేళ్లప్పుడు ఆ కాపలాకే కూర్చుని, ముంజికాయల బండి తోలుకుంటూ నాలుగు శేర్ల వడియాల మీదుగా వెళ్లాడు. ఆ ఏడాది మేం తిన్న వడియాలన్నిటి మీదా చక్రాల గుర్తులే. నమ్మకపోతే అడుగు, ఇప్పటికీ తనది కాదంటాడు, అన్నయ్యదంటాడు.

ముంజలన్నాను కాబట్టి చెబుతున్నా, ఒలిచి కవర్లో పెట్టిచ్చినవి కొనకు. గెల దించి ఇంటికి తెమ్మను. పైన చెక్కించి కాయ చేతికిస్తే బొటనవేలు పెట్టి తోడుకుని తింటారు, నీళ్లు మోచేతుల దాకా కారతాయి, బట్టలకి మరకలవుతాయి. అవనీ. అయిపోయిన రెండు కాయలకి అడ్డంగా పుల్ల గుచ్చి, పొడుగాటి పంగలకర్ర ఆనిస్తే బండి. ఇవాళ్టి పిల్లలకి అది చేయడం రాదు. మీ మామగారికి వచ్చు. ఆయన్ని అడగండి, అడిగితే పొంగిపోతారు. ఆ పూట కాఫీ ఆలస్యమైనా ఊరుకుంటారు.

ఇప్పుడు అసలు మాట. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నీది. తలుపు జారేసుకుని పడుకో, ఫోన్లో సినిమా చూసుకో, ఊరికే పైకప్పు చూస్తూ ఉండు. ఎవరు పిలిచినా పలకకు. నేను ముప్పై ఏళ్లు ఆ రెండు గంటలూ చింతపండు పిక్కలు తీస్తూ, బియ్యం ఏరుతూ గడిపాను. ఒక ఏడాది మెట్ల మీద కాలు మడతపడి పది రోజులు వసారాలో మంచానికి అతుక్కుపోయాను. ఇల్లు మునిగిపోతుందనుకున్నాను. మునగలేదు. మీ మామగారు కాఫీ పెట్టడం నేర్చుకున్నారు (ఇప్పుడు మర్చిపోయినట్టు నటిస్తున్నారు, అది వేరే సంగతి). ఆ మంచం మీద నుంచి కిటికీలోంచి చూస్తే పెరట్లో పిల్లలు బల్లలు రెండు జోడించి, గోదారి దాటించే పంటు నడుపుతున్నారు. సఖినేటిపల్లి నుంచి నరసాపురం. చిన్నది మామిడాకులు చింపి టిక్కెట్లు ఇస్తోంది. పెద్దవాడు "జరగండి జరగండి, మోటారుసైకిళ్లు ఎక్కాలి" అని అరుస్తున్నాడు. మధ్యలో ఒకడు గోదాట్లో పడిపోయాడు, వాణ్ణి చీపురు అందించి లాగారు. ఎన్నాళ్ల నుంచి ఆడుతున్నారే అని అడిగితే, "రోజూ ఇదేగా నాన్నమ్మా" అన్నారు. నా పెరట్లో పంటు నడుస్తోందని నాకు తెలియలేదు.

ఒకరోజు నిజం పంటు ఎక్కించు. నరసాపురంలో పనేం అక్కర్లేదు. సాయంత్రం అయిదింటికి సఖినేటిపల్లి రేవుకి వెళ్లి, ఎక్కి, అవతల గట్టున తలో మొక్కజొన్న పొత్తు కొనిపెట్టి, మళ్లీ ఎక్కి వచ్చెయ్యడమే. పిల్లలు రేలింగు దగ్గరికి తోసుకుంటారు, చిన్నవాళ్ల చెయ్యి వదలకు. ఆ రోజుకి రామచంద్రపురం ఆర్టోస్ కూల్‌డ్రింకు దొరికితే తలో సీసా కొనిపెట్టు, రోజూ మాత్రం మజ్జిగే. దబ్బాకు నాలుగు రెబ్బలు నలిపి వెయ్యి, అడిగి మరీ తాగుతారు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండు. గోదాట్లో స్నానం లేదు. దాళ్వా, అదే రెండో పంట, కోతలవగానే దవళేశ్వరంలో నీళ్లు ఆపి కాలువలు కట్టేశారు. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచి మన ఊళ్లకి ఆ తలుపులే పంచాంగం. మళ్లీ జూన్‌లో వదిలేదాకా మన కాలువలో బురదే. మరి కాలువ లేదు కాబట్టి పిల్లలు ఏటి గట్టుకి పోదామంటారు. ఇసుక తవ్విన గుంటలు పైకి కనబడవు. పైగా మన దగ్గర సముద్రపు పోటు వస్తుంది, పొద్దున మోకాలి లోతున్న చోట సాయంత్రం తల మునుగుతుంది. ఏడ్చినా సరే, పెద్దవాళ్లొచ్చి "మా రోజుల్లో ఈదలేదా" అన్నా సరే, వద్దంటే వద్దు. దానికి బదులు పెరట్లో నూతి గట్టు మీద కూర్చోబెట్టి బకెట్లతో పొయ్యి. నూతి మీద ఇనప జల్లి బిగించే ఉంది, అయినా ఓసారి చూసుకో.

ఎవరైనా ఎండలో ఆడొచ్చి డీలాపడితే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించు. చెంచాలు తలగొట్టి కొలువు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే మాత్రం ఇంటి వైద్యం వద్దు, వెంటనే ఆస్పత్రికే.

పెళ్లిళ్లు తొమ్మిదున్నాయి. శుభలేఖలు కేలెండరు వెనకాల దోపాను. రెండింటికి నువ్వెళ్లు, మిగతావాటికి మీ మామగారు చదివింపులు రాయించి వస్తారు. ఎవరూ ఏమీ అనుకోరు. అనుకుంటే నా మీదికి నెట్టెయ్.

రాత్రుళ్లు డాబా మీద పడుకోండి. సాయంత్రమే నాలుగు బిందెలు నీళ్లు చల్లితే వేడి దిగుతుంది. అప్పుడే పరుపులు వేయకు, ఆవిరి కొడుతుంది, తొమ్మిదయ్యాక వెయ్యి. దోమతెరలు అటక మీద తెల్లమూటలో ఉన్నాయి. కరెంటు పోతే మంచిదే అనుకో, చుక్కలు బాగా కనబడతాయి. ఈ నెలల్లో రాత్రి ఎనిమిది, తొమ్మిదికి ఉత్తరం వైపు సప్తర్షులు బాగా పైకి వస్తారు. తోక చివర నుంచి రెండో చుక్క వశిష్ఠుడు. కళ్లు చికిలించి చూస్తే దాన్ని ఆనుకునే సన్నగా అరుంధతి. నా పెళ్లిలో పురోహితుడు పట్టపగలు ఆకాశంలోకి వేలు చూపించి "కనబడిందా అమ్మా" అంటే అందరి ముందూ తలూపాను. నిజంగా చూసింది పన్నెండేళ్లకి, ఈ డాబా మీదే, మీ ఆయన్ని జోకొడుతూ. మన ఊరి పక్కనుంచి పారే పాయ పేరూ వశిష్ఠే అని పిల్లలకి చెప్పు. చుక్క ఎవరికి ముందు కనబడిందని దెబ్బలాడుకుంటూ నిద్రపోతారు, నీకు కథ చెప్పే పని తప్పుతుంది.

రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది. రోళ్లు పగిలే ఎండలంటారు కదా, ఆ పదిహేను రోజులూ ఇంకేం పనులు పెట్టుకోకు. మీ తోడికోడలు కూడా అప్పటికి వస్తుంది. ఇద్దరూ పోటీపడి వండకండి.

మల్లె పాదుకి బోరు నీళ్లు పొయ్యకు, ఉప్పుకి ఆకు మాడిపోతుంది. కుళాయి నీళ్లే, సాయంత్రం చెంబెడు. మొగ్గలు అయిదింటికి కోస్తే దండ కట్టేసరికి విచ్చుతాయి. అరటినార తడిపి పెట్టుకో. ఆరు మూరలు వస్తే అయిదు ఆడపిల్లలకీ నీకూ. ఒక మూర మంచినీళ్ల కుండ మూత మీద వెయ్యి.

బీరువా తాళం పప్పుల డబ్బాలో ఉంది, కందిపప్పు డబ్బా, మినప్పప్పుది కాదు. గ్యాసు వాళ్ల నంబరు తలుపు వెనక రాసి ఉంది.

ఉంటాను.
మీ అత్తయ్య

మరిచాను. ఈ ఉత్తరం మీ మామగారి కంట పడనీకు. కాఫీ సంగతి రాశాను.