సంతలో మనుషుల ఫోటోలు

ప్రశ్న: విదేశాలకు వెళ్లినప్పుడు అక్కడి వీధుల్లో, సంతల్లో మామూలు మనుషుల్ని ఫోటో తీయాలనిపిస్తుంది. అడిగితే బిగుసుకుపోతారు, అడక్కుండా తీస్తే తప్పేమోనని భయం. తీసినవి కూడా సగం కదిలిపోయి మసగ్గా ఉంటాయి. ఏం చేయాలి?

జవాబు: ముందు చట్టం సంగతి తెలుసుకుని బయల్దేరండి, అది దేశానికో తీరు. హంగరీలో 2014 నుంచి అమల్లో ఉన్న సివిల్ కోడ్ ప్రకారం ఒక మనిషిని ఫోటో తీయడానికే అతని సమ్మతి ఉండాలి. జనసమూహాన్ని తీస్తే మాత్రం మినహాయింపు. జర్మనీలో 1907 నాటి చట్టం ఫోటో బయటపెట్టడానికి సమ్మతి కోరుతుంది, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడమూ అందులోకే వస్తుంది. జపాన్‌లో, క్యోటోలోని గియోన్ అనే పాతపేటలో ప్రైవేటు సందుల్లో ఫోటో తీస్తే 10,000 యెన్‌ల జరిమానా అని బోర్డులే ఉంటాయి. మొరాకోలోని మరాకెష్‌లో జెమా ఎల్ ఫ్నా మైదానంలో పాములాడించేవాళ్లకు ఫోటో అంటే సంపాదన. ఎంతివ్వాలో ముందే మాట్లాడుకోండి, తీశాక బేరమాడితే గొడవే.

ఇక అడిగే పద్ధతి. భాష రాకపోయినా ఫర్వాలేదు. కెమెరా కనబడేలా పట్టుకుని, దాన్ని చూపించి, తలూపి నవ్వండి. ఒప్పుకుంటే మొదటి ఫోటో ఎలాగూ బిగుసుకునే వస్తుంది, అది వాళ్ల కోసం తీసి చూపించండి. తర్వాత వెళ్లిపోకుండా అక్కడే రెండు మూడు నిమిషాలు నిలబడండి. చేప కోసేవాడు కత్తి మీదికి, టీ పోసేవాడు కెటిల్ మీదికి చూపు మళ్లిస్తారు. మీకు కావలసిన ఫోటో అప్పుడు దొరుకుతుంది. చాలామంది సరిగ్గా ఆ క్షణానికి ముందే కెమెరా దించేస్తారు! చెయ్యి అడ్డం పెడితే మాత్రం ఆపేయండి, డిలీట్ చేయమంటే వాళ్ల కళ్లెదుటే డిలీట్ చేయండి. పిల్లలైతే పక్కనున్న పెద్దవాళ్లని అడగాలి.

ఫోటో కదిలిపోవడానికి ఎక్కువసార్లు కారణం షట్టర్ వేగం (లోపలికి వెలుగు వచ్చేలా షట్టర్ ఎంతసేపు తెరుచుకుంటుందన్నది) చాలకపోవడమే. నడిచేవాళ్లకు కనీసం 1/250 సెకను, సైకిల్ మీద వెళ్లేవాళ్లకు 1/500 సెకను పెట్టి, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) ఆటోలో వదిలేయండి. పగలు ఫుల్‌ఫ్రేమ్ (పాత 35 మి.మీ. ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్న) కెమెరా, వెడల్పుగా చూపే 28 మి.మీ. లెన్స్ అయితే ఎఫ్/8లో (లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేసి) ఫోకస్‌ను 2.5 మీటర్ల దగ్గర బిగిస్తే సుమారు 1.5 నుంచి 10 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది, ఫోకస్ కోసం ఆగే పనే ఉండదు. వెనక ఎండ ఉండి ముఖం నల్లబడితే ఎక్స్‌పోజర్ (ఫోటోలోకి వచ్చే వెలుగు) +1కి పెంచండి.

ప్రశ్న: 200 మి.మీ. జూమ్‌తో దూరం నుంచి తీస్తే ఈ ఇబ్బందులేవీ ఉండవు కదా?

జవాబు: చట్టానికి దూరంతో పని లేదు. పైగా ముఖం వస్తుంది గానీ వీధి రాదు: అంగడి, గోడ, పక్కవాళ్లు ఫ్రేములోంచి పోతారు. చాటుగా తీస్తున్నారని కనిపెడితే వాళ్లకు కోపమూ ఎక్కువే. 28 లేదా 35 మి.మీ. పట్టుకుని 2, 3 మీటర్ల దగ్గరికి వెళ్లండి.