నారింజ ఎవరి మాట?

సందేహం: మా మనవరాలి పుస్తకంలో బొమ్మ కింద 'నారింజ' అని ఉంది. 'మనది బత్తాయి గదా తాతా' అంటుంది. మా అల్లుడేమో నారింజ అంటే ఇంగ్లీషు ఆరెంజ్‌కు మనం పెట్టుకున్న పేరు అంటాడు. ఏది నిజం?
– ఒక పాఠకుడు, నకిరేకల్

సమాధానం: మాట ఇక్కణ్నుంచి అక్కడికి పోయింది, అక్కణ్నుంచి రాలేదు. మీ అల్లుడుగారికి ఈ సంగతి తప్పక చెప్పండి. తమిళంలో నారత్తై, మలయాళంలో నారంఙ, మనకు నారింజ, నారదబ్బ. సంస్కృతం నారంగం అన్నది. పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, హంగరీలో నరాంచ్. ఇటలీవాళ్ల నోట మొదటి నకారం రాలిపోయి అరాంచా అయింది. ఫ్రెంచిలో 'ఓర్' అంటే బంగారం. పండు రంగు చూసి ఆ ఓకారం చేర్చుకున్నారు. ఆరెంజ్ ఆ తరువాతిది.

మరి 'నార' ఏమిటి? తమిళ 'నాఱు' అనే ధాతువు, అంటే వాసన వేయడం, దీనికి మూలమని పండితులు కొందరంటారు. ప్రాచీన తమిళ కావ్యాలైన సంగ సాహిత్యంలో నాఱ్ఱం అంటే పరిమళం. నేటి తమిళంలో అదే మాటకు కంపు అని అర్థం. కన్నడ 'నారు' కూడా కంపే. తొక్కను వేళ్ల మధ్య ఒత్తి చూడండి, చిమ్మిన నూనె కడుక్కున్నా చేతిని వదలదు. ఆ వాసన చూసినప్పుడల్లా ఈ వ్యుత్పత్తిని నమ్మబుద్ధవుతుంది. కాని నారత్తైలో ఉన్నది సాధురేఫ (మామూలు ర), నాఱులో ఉన్నది శకటరేఫ (బండి ఱ). అందుకే ఖాయంగా ఇదేనని అనను. సంస్కృత నిఘంటువు అమరకోశంలో అమరసింహుడు ఈ పండుకు పేర్లు చెబుతూ 'ఐరావతో నాగరంగో' అన్నాడు. ఐరావతం ఇంద్రుడి ఏనుగు, నాగమంటే ఏనుగనీ అర్థం ఉంది; రెండు పేర్లలోనూ ఏనుగు ఉంది గనక ఏనుగులు ఇష్టపడే పండు అని అర్థం చెప్పేవారున్నారు. దేశిమాటకు సంస్కృతం తన వేషం వేసినట్టే నాకు తోస్తుంది.

తియ్యరకం యూరప్‌కు ఎక్కువగా తెచ్చింది పోర్చుగీసువాళ్లు. అందుకే అరబ్బులు దాన్ని బుర్తుకాల్ అంటారు.

ఇక బత్తాయి. డచ్చివాళ్ల బటేవియా, అంటే నేటి జకార్తా, పేరే ఇలా మారిందంటారు, నాకూ అదే సబబనిపిస్తుంది. మోసంబికి మూలం మొజాంబిక్. నాకు బాధ ఎక్కడంటే, నల్లగొండ తోటలో బత్తాయిగా తెంపిన కాయ హైదరాబాదు జూస్ బండి ఎక్కంగనే మోసంబి అవుతున్నది. మన తోటల్లో ఎక్కువగా ఉన్నది సాత్‌గుడి రకం, మోసంబి వేరే రకం. పండించిన రైతు పేరెట్లాగూ కనబడదు, కనీసం అతను పిలిచే పేరన్నా బోర్డు మీద ఉండొద్దా?

మీ మనవరాలి మాట తప్పు కాదు. గోటితో తొక్క ఊడివచ్చే సంత్రకు, కత్తి పెట్టాల్సిన బత్తాయికి తేడా ఆ పిల్లకు తెలుసు. పుస్తకంలోది సంత్ర బొమ్మ అయితే నారింజ అనడమూ చెల్లుతుంది. నేనైతే నారింజను జాతి మొత్తానికి వాడి, బత్తాయిని బత్తాయిగానే ఉంచుతాను.

అన్నట్టు, నారింజకే 'కిచ్చిలి' అని ఇంకో పాత పేరుంది, తమిళంలోనూ ఉంది. మీ దిక్కు పెద్దలు ఎవరైనా ఇంకా ఆ మాట అంటుంటే నాకు రాయండి.