ఆ నవ్వు ఎవరి మీద?

కిందటి నెల ఈ శీర్షికలో కథల అభిమానుల గురించి నాలుగు మాటలు రాసిన తరువాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయాన్ని పట్టుకున్నాయి. కథల్లో, సినిమాల్లో, సీరియళ్లలో స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, అంటే ఇప్పుడు అందరూ క్వీర్ అని ఒకే మాటతో పిలుస్తున్నవారు, ఎలా కనిపిస్తున్నారు, వారి గురించి అభిమానులు ఎందుకు ఇంతగా పోట్లాడుకుంటున్నారు అన్నది ఆ విషయం. అందులో నాలుగు ఉత్తరాలకు ఈసారి జవాబు రాస్తున్నాను. ఊరి పేర్లు తప్ప మనుషుల పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఒక ధారావాహికలోని ఇద్దరు మగ స్నేహితులు ప్రేమికులైనట్టు ఊహించి చిన్న చిన్న కథలు రాసి ఫోన్‌లో పెడుతుంటాను. చదివేవారిలో కొందరు మెచ్చుకుంటారు, కొందరు ‘రచయిత రాయనిది రాయడానికి నువ్వెవరు, పవిత్రమైన స్నేహాన్ని పాడు చేస్తున్నావు’ అని తిడతారు. నేను చేస్తున్నది తప్పా?
– ఒక విద్యార్థిని, నరసన్నపేట

జవాబు: తప్పు కాదు తల్లీ. రచయిత వదిలేసిన చోట పాఠకులు కూర్చుని తమకు కావలసింది అల్లుకోవడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న పనే. రామాయణంలో ఊర్మిళను ఎవరూ పట్టించుకోలేదని తెలుగు ఆడవాళ్లు ‘ఊర్మిళాదేవి నిద్ర’ అనే పాట కట్టుకున్నారు. అందులో ఆమె పద్నాలుగేళ్లూ నిద్రపోతుంది. లక్ష్మణుడు తిరిగి వచ్చి పక్కన కూర్చుంటే పరాయి మగవాడెవడో గదిలో దూరాడనుకుని అతణ్ణి గదమాయిస్తుంది. తిరగలి దగ్గర, ఊయల దగ్గర పాడుకున్నవారిని వాల్మీకి అనుమతి తీసుకున్నారా అని ఎవరూ అడగలేదు. ఈనాటి మాటలో చెప్పాలంటే అదంతా ఫ్యాన్ ఫిక్షనే, అంటే అభిమానులు అల్లుకున్న కథే.

మీరు రాస్తున్న రకానికి పాశ్చాత్య దేశాల అభిమానులు ‘స్లాష్’ అని పేరు పెట్టుకున్నారు. 1966లో అమెరికా టీవీలో మొదలైన ‘స్టార్ ట్రెక్’లోని కిర్క్, స్పాక్ అనే ఇద్దరు మిత్రులను ప్రేమికులుగా ఊహించుకుని 1970లలో అభిమానులు, వారిలోనూ ఎక్కువగా స్త్రీలు, కథలు రాసి, సొంత ఖర్చుతో చిన్న పత్రికలుగా వేసుకుని పంచుకున్నారు. ఇద్దరి పేర్ల మధ్య పెట్టే ఏటవాలు గీతే ఆ పేరుకు మూలం. ఇంచుమించు అదే కాలంలో జపాన్‌లో ఇలాంటి బొమ్మల కథలు గీసే అమ్మాయిలు తమ పనిని తామే వెక్కిరించుకుంటూ ‘పతాక సన్నివేశం లేదు, ముగింపు లేదు, అర్థం లేదు’ అనే మూడు మాటల మొదటి అక్షరాలను కలిపి ‘యావోయి’ అని పేరు పెట్టుకున్నారు. విమర్శకుడు అనబోయే మాటను ముందే తామే అనేసి నవ్వేసిన ఆ గడుసుతనం నాకు చాలా ఇష్టం. మిమ్మల్ని తిట్టేవారికి జవాబుగా మీకూ అలాంటి పేరొకటి పనికివస్తుందేమో ఆలోచించండి.

ఇలాంటి రాతలను భద్రంగా దాచుకోవడానికి అభిమానులే 2009లో ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అనే నిలయాన్ని ఇంటర్నెట్‌లో తెరిచారు. 2019లో దానికి సైన్స్ ఫిక్షన్ రంగంలో పెద్దదైన హ్యూగో పురస్కారం వచ్చింది. ఆ సంగతి చదివినప్పుడు నాకు మన కారా మాస్టారు, కథకులు కాళీపట్నం రామారావు గారు, గుర్తుకు వచ్చారు. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టినప్పుడు ఆయన ఉద్దేశం గొప్ప కథలను ఏరి దాచడం కాదు, తెలుగులో అచ్చయిన కథ అన్నదాన్ని దొరికినంత మేర దాచడం. తూకం తరువాతి తరాలు వేసుకుంటాయి, ముందు కాగితం మిగలాలి కదా.

మిమ్మల్ని తిట్టేవారి మాటల్లో ఒకదానిని మాత్రం తోసిపుచ్చకండి. ఇద్దరు మగవాళ్లు భుజం మీద చేయి వేసుకుని నడిస్తే చాలు, అది ప్రేమే అయి తీరాలని పట్టుబడితే స్నేహానికి చోటు తగ్గిపోతుందన్నది కొట్టిపారేయవలసిన మాట కాదు. స్నేహం పవిత్రం, ప్రేమ అపవిత్రం అన్న తూకం మాత్రం నాకు ఒప్పుదల కాదు. ఇక రచయిత మాట సంగతి. హారీ పాటర్ చివరి నవల 2007 జూలైలో వచ్చింది. అదే సంవత్సరం అక్టోబరులో న్యూయార్క్‌లో పాఠకుల ముందు రచయిత్రి రౌలింగ్, డంబుల్‌డోర్ పాత్రను తాను స్వలింగ ప్రేమికుడిగానే ఊహించానని చెప్పారు. సభలో చప్పట్లు మోగాయి. ఆ తరువాత ‘అలాగైతే ఏడు నవలల్లో ఒక్క వాక్యమైనా ఎందుకు లేదు’ అన్న ప్రశ్న మొదలై ఇప్పటికీ ఆగలేదు. నా మట్టుకు నాకు, పుస్తకం అచ్చయిన మరునాటి నుంచి రచయిత కూడా ఒక పాఠకుడే. కాగితం మీద లేనిదాన్ని మీరు ఊహించవచ్చు, ఆమె కూడా ఊహించవచ్చు. ప్రాతినిధ్యం కింద మాత్రం దాన్ని లెక్క వేయలేం.

ప్రశ్న: నేను ఉద్యోగస్తుణ్ణి, స్వలింగ ప్రేమికుణ్ణి. ఈ సంగతి నా ఊళ్లో ఎవరికీ తెలియదు. సినిమాలో ఆడంగిగా నడిచే పాత్ర రాగానే హాలంతా నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. మరునాడు ఆఫీసులో అవే డైలాగులతో మీమ్‌లు వస్తాయి, ‘వాడు కొంచెం తేడా’ అని ఎవరినో అంటారు. ఇది తప్పని చెప్పబోతే ‘హాస్యాన్ని హాస్యంగా తీసుకోవాలి’ అంటారు. హాస్యమే వద్దనాలా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: హాస్యం వద్దనకండి. మీది విజయనగరం కాబట్టి గురజాడనే సాక్ష్యానికి పిలుద్దాం. 1892లో మీ ఊళ్లోనే తొలిసారి రంగం మీదికి వచ్చిన ‘కన్యాశుల్కం’లో కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేయించి ముసలి లుబ్ధావధాన్లుకు పెళ్లి చేస్తాడు. మన హాస్యంలో చీర కట్టిన మగవాడి కంటే పాత సరుకు లేదు కదా. అయినా అక్కడ నవ్వు ఎటు వెళుతుందో ఒకసారి చూడండి. చీరలో ఉన్న కుర్రవాడు చురుకైనవాడు, మాటకారి, ఆటంతా తన చేతిలో ఉన్నవాడు. నవ్వు అతన్ని దాటి, డబ్బు పోసి పసిపిల్లను కొనబోయిన ముసలివాడి మీదా, ఆ బేరాన్ని శాస్త్రంగా చెలామణీ చేసిన పెద్దల మీదా పడుతుంది. చివరి అంకంలో వేశ్య మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లినప్పుడు కూడా ఇబ్బందిలో పడేది వేషం వేసుకున్న ఆమె కాదు, వేశ్య ముఖం చూడనని నియమం పెట్టుకున్న ఆ పెద్దమనిషి. ఆ రోజుల్లో స్త్రీ పాత్రలు మగవారే వేసేవారు కాబట్టి మగవాడు ఆడదిగా మారి, ఆ ఆడది మళ్లీ మగవాడిగా మారి రంగం మీదికి వచ్చేదన్న మాట. ఆ చిక్కుముడిని ప్రేక్షకులు ఏ ఇబ్బందీ లేకుండా చూశారు.

గురజాడ క్వీర్ మనుషుల గురించి రాశారని నేను అనడం లేదు. ఆయన బాధ వేరు. వేషం, నడక, గొంతు నవ్వుకు అవకాశం ఇస్తాయి తప్ప నవ్వుకు కారణం కానక్కరలేదని మాత్రం ఆయన నాటకం చూపిస్తుంది. మీరు చెప్పిన సినిమా సన్నివేశాల్లో ఆ మనిషికి నడక తప్ప ఇంకేమీ ఉండదు. పేరుండదు, ఇల్లుండదు, తిరిగి ఒక మాట అనే వీలుండదు. హీరో విదిలించి కొట్టడానికి మాత్రమే అతను తెర మీదికి వస్తాడు.

నా చిన్నప్పుడు చీపురుపల్లి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో తూర్పు భాగవతం ఆడేవారు. తెల్లవారుజామున ఆట ముగిశాక సత్యభామ వేసిన ఆయన రంగు ఇంకా కడుక్కోకుండా, అంత పొడుగు జడను భుజం మీదికి వేసుకుని మా అరుగు మీద కూర్చున్నాడు. అమ్మమ్మ నోట్లోని అడ్డచుట్ట తీసి నిప్పు ఇస్తే తన చుట్ట ముట్టించుకుని, ఇద్దరూ ఆ ఏటి నువ్వుల ధర గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. రాత్రంతా అతని వయ్యారానికి నవ్విన పిల్లలం, అప్పుడు నవ్వాలన్న ఆలోచన కూడా లేకుండా పక్కనే కూర్చున్నాం. వేషం వేరు, జీవితం వేరు అని మీరు అంటారని తెలుసు. ఆ కళాకారుడికి దక్కిన మర్యాద అదే ఊళ్లో ఒక హిజ్రాకు దక్కి ఉండేదని నేనూ నమ్మను.

ఇంకొక్క మాట. ‘లక్ష్మణదేవర నవ్వు’ పాటలో నిండు సభలో లక్ష్మణుడు ఫక్కున నవ్వితే, సభలో ప్రతివాడూ తన లోపం తలచుకుని, తనను చూసే నవ్వాడని తల దించుకుంటాడు. వనవాసం పూర్తయ్యేదాకా దూరంగా ఉంటానని నిద్రాదేవి తనకిచ్చిన మాట గుర్తుకొచ్చి అతను నవ్వాడని తరువాత తెలుస్తుంది. ఆ సభలో అందరిదీ అపోహ. సినిమా హాల్లో మీది మాత్రం అపోహ కాదు, ఆ నవ్వు నిజంగానే మీ మీద. అందుచేత ఈసారి ఆఫీసులో మీమ్ వచ్చినప్పుడు తప్పని వాదించకుండా ‘ఇందులో నవ్వు ఎక్కడుందో నాకు అర్థం కాలేదు, కొంచెం చెప్పండి’ అని మామూలుగా అడగండి. విడమరచి చెప్పవలసి వచ్చిన హాస్యం సగంలోనే చచ్చిపోతుంది. ఇలా అడగడానికి మీ సంగతి ఎవరికీ చెప్పుకోనవసరం లేదు.

ప్రశ్న: ఇంటర్ చదివే మా అమ్మాయి థాయిలాండ్ సీరియల్ ఒకటి చూస్తుంది. అందులో ప్రేమికులుగా వేసిన ఇద్దరు కుర్రాళ్లు బయట కూడా ప్రేమికులేనని దాని వాదన. వారిలో ఒకడు ఎవరో అమ్మాయితో కనిపించాడట. ‘మమ్మల్ని మోసం చేశాడు’ అని రాత్రంతా ఎవరెవరితోనో ఫోన్‌లో గొడవ పడింది. నాకు ఈ లోకం అర్థం కావడం లేదు.
– ఒక ఉపాధ్యాయిని, బొబ్బిలి

జవాబు: అమ్మా, అమ్మాయి సీరియల్ చూడడంలో తప్పేమీ లేదు. ఇద్దరిని జంటగా కోరుకోవడాన్ని అభిమానుల భాషలో ‘షిప్పింగ్’ అంటారు. ప్రేమ ఉందన్నట్టు ఊరించి ప్రేక్షకులను కూర్చోబెట్టి, చివరిదాకా ఏమీ తేల్చని కథను ‘క్వీర్‌బైటింగ్’ అని తిడతారు. గాలానికి ఎర గుచ్చడం లాంటిదని అర్థం. నిర్మాతల మీద ఆ నింద చాలాసార్లు న్యాయమైనదే. చిక్కంతా దాన్ని బతికున్న మనుషుల మీద వేయడంతో వచ్చింది.

‘హార్ట్‌స్టాపర్’ అనే బ్రిటిష్ సీరియల్‌లో అమ్మాయిలనూ అబ్బాయిలనూ ఇష్టపడే కుర్రవాడిగా కిట్ కానర్ వేశాడు. అతను ఒక నటితో చేతిలో చేయి వేసి నడిచిన ఫొటో బయటికి రాగానే, మీ అమ్మాయి అన్నట్టే, కొందరు అభిమానులు మోసం అన్నారు. పద్దెనిమిదేళ్ల ఆ పిల్లవాడు 2022 అక్టోబరు చివర్లో తానూ ద్విలింగ ప్రేమికుడినేనని ట్విట్టర్‌లో రాసి, చెప్పక తప్పని స్థితికి తనను నెట్టినందుకు అభిమానులను నిలదీశాడు. ఎవరికి ఎప్పుడు చెప్పుకోవాలో వారి ఇష్టానికి వదలాలని చెప్పే కథను మెచ్చుకున్నవారే ఆ పని చేశారు. ఈ ఒక్క సంగతి మీ అమ్మాయికి చెప్పి చూడండి. ఆ సీరియల్ అభిమానులకు ఇది తెలియని కథ కాకపోవచ్చు.

మన దేశంలో 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, ఇష్టపడిన ఇద్దరు వయోజనుల స్వలింగ సంబంధాన్ని 377వ సెక్షన్ కింద నేరంగా చూడరాదని తీర్పు చెప్పింది. 2023 అక్టోబరు 17న మాత్రం అలాంటి పెళ్లికి చట్టబద్ధత ఇవ్వవలసింది పార్లమెంటేనని చేయి వదిలేసింది. థాయిలాండ్‌లో 2025 జనవరి 23 నుంచి ఆ పెళ్లిళ్లు రిజిస్టరవుతున్నాయి. నేరం కాకపోయినా అద్దె ఇల్లు పోయే ఊళ్లు మనకు ఉన్నాయి కాబట్టి, ఒక మనిషి ఎందుకు చెప్పలేదని అడిగే ముందు చెబితే ఏమవుతుందో కూడా అమ్మాయితో మాట్లాడండి. అయితే ఫోన్ లాక్కుని మాత్రం మాట్లాడకండి.

ప్రశ్న: ఇద్దరు స్త్రీల ప్రేమ గురించి కథ రాసి మీ పత్రికకు పంపాను. చివర ఇద్దరూ రైలు కింద పడి చనిపోతారు. కథ తిరిగి వచ్చింది. విషయం మీకు గిట్టకపోవడమే కారణమా?
– ఒక రచయిత్రి, ఆమదాలవలస

జవాబు: విషయం నచ్చింది, రైలే నచ్చలేదు. అమెరికా సినిమాల్లో 1934 నుంచి 1968 దాకా హేస్ నియమావళి అనే కట్టుబాటు నడిచింది. దాని కింద చాలాకాలం స్వలింగ ప్రేమను పేరుపెట్టి చూపించే వీలు లేదు. సూచనగా చూపించిన పాత్ర శిక్ష పడో, చచ్చో కథ నుంచి తప్పుకునేది. నియమం పోయినా అలవాటు పోలేదు. 2016లో ‘ది 100’ అనే సీరియల్‌లో లెక్సా అనే పాత్ర తన ప్రియురాలితో కలిసిన కొద్ది నిమిషాలకే తూటా తగిలి చనిపోతే అభిమానులు పెద్ద ఎత్తున నిరసన తెలిపి, ఆ కోపంతోనే యువతలో ఆత్మహత్యలను నివారించే సంస్థకు విరాళాలు పోగుచేశారు. చావు రాయకూడదని కాదు. మీ కథలో చావుకు కారణం కథలో నుంచి రాలేదు, అలవాటు నుంచి వచ్చింది.

రెండో పేజీలో కుట్టుమిషను ముందు కూర్చున్నామె స్నేహితురాలి జాకెట్టుకు హుక్కు కుట్టి, కత్తెర పక్కనే ఉన్నా, దారాన్ని పంటితో కొరకడానికి ఆమె వీపు దగ్గరికి వంగే చోట నేను చదవడం ఆపి మళ్లీ చదివాను. అంత బాగా రాయగలిగినవారు చివరి పేజీని రైల్వేకు అప్పగించవలసిన అవసరం లేదు. ఆ రైలును శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో ఆపి, ఇద్దరినీ దించి, ఆ రాత్రి వారు ఇంటికి వెళ్లి ఏమి వండుకున్నారో, అద్దె అడగడానికి వచ్చిన ఇంటివాళ్లకు ఏమని చెప్పారో రాసి పంపండి. పదిహేనో తేదీలోగా అందితే వచ్చే సంచికలో నాలుగు పేజీలు అట్టే పెడతాను.