బ్యాంకాక్‌లో ఫుల్ బాడీ చెకప్: 3 లక్షలు దేనికి పెడుతున్నట్టు?

ప్రశ్న: నా వయసు 54, మా ఆవిడకు 49. తెనాలిలో హార్డ్‌వేర్ షాపు. నాన్నగారికి షుగర్ ఉండేది. నేను 25 ఏళ్లపాటు రోజుకు 20 సిగరెట్లు కాల్చి, నాలుగేళ్ల కిందట మానేశాను. మొన్న నాతో చదువుకున్నవాడు గుండెపోటుతో పోయాడు. అప్పట్నుంచి ఇద్దరం పూర్తి పరీక్షలు చేయించుకోవాలని అనుకుంటున్నాం. బ్యాంకాక్‌లో పేరున్న ప్రైవేటు ఆసుపత్రిలో మనిషికి 30,000 బాట్ల ప్యాకేజీ ఉంది. విమానం, హోటలు, ఐదు రోజుల తిరుగుడు కలిపి ట్రావెల్ ఏజెంటు 1.30 లక్షలు చెప్పాడు. మా అబ్బాయి కంపెనీ ఇచ్చిన 5 లక్షల బీమాలో మేమూ ఉన్నాం, సొంత పాలసీ లేదు. కార్డు మీద కడితే పన్నేమైనా పడుతుందా?

జవాబు: స్నేహితుడు పోయిన బాధలో ఉన్నారు. ఇలాంటప్పుడు ఏదో ఒకటి వెంటనే చేసేయాలనిపిస్తుంది, అందులో తప్పులేదు. అయితే మీరు కార్డు గురించి అడిగారు గానీ, మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట అది కాదు, ‘సొంత పాలసీ లేదు’ అన్నది.

అబ్బాయి కంపెనీ బీమా అబ్బాయి ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. అతను ఉద్యోగం మారినా, కొత్త కంపెనీ తల్లిదండ్రులను చేర్చుకోకపోయినా మీకు రక్షణ లేనట్టే. ఆ స్థితిలో బ్యాంకాక్ వెళ్లి రిపోర్టులో ఏదో ఒకటి తేలిందనుకోండి. తర్వాత కొత్త పాలసీకి దరఖాస్తు పెడితే ఆ రిపోర్టు చూపించి తీరాలి. దాచితే రేపు క్లెయిమ్ తిరస్కరిస్తారు. చూపిస్తే ప్రీమియం పెంచవచ్చు, అసలు పాలసీయే ఇవ్వకపోవచ్చు. ఇచ్చినా ఆ జబ్బుకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టవచ్చు, అంటే అప్పటిదాకా దానికి క్లెయిమ్ ఇవ్వరు (2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నాలుగేళ్ల నుంచి తగ్గించాక అదే గరిష్ఠం).

అందుకే ముందు పాలసీ, తర్వాత పరీక్షలు. దీన్ని దొంగదారి అనుకోకండి. ఇప్పటికి మీకు తెలిసిందంతా దరఖాస్తులో రాయండి. ముఖ్యంగా సిగరెట్ల సంగతి, నాలుగేళ్ల కిందట మానేసిన మాటతో సహా. కొంచెం దూరం నడిస్తే ఆయాసం, ఛాతీలో బరువు లాంటివి ఉంటే మాత్రం పాలసీ కోసం ఒక్క రోజు కూడా ఆగకండి, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. అవేవీ లేకపోతే ఇద్దరికీ కలిపి కనీసం 10 లక్షల ఫ్లోటర్‌కు (ఒకే మొత్తాన్ని ఇద్దరూ వాడుకునే పాలసీకి) రెండు మూడు కంపెనీల కోట్లు తెప్పించండి. మీ వయసుకి చాలా కంపెనీలు వాళ్లే రక్తపరీక్షలు, ఈసీజీ చేయిస్తాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ లేదు. బ్యాంకాక్‌కు పెట్టాలనుకున్న డబ్బు కొన్నేళ్ల ప్రీమియానికి సరిపోతుంది.

ఇక ప్యాకేజీ సంగతి. బ్యాంకాక్ ఆసుపత్రులను తీసిపారేయను. ఉదాహరణకు బుమ్రున్‌గ్రాడ్ 1980 నుంచి ఉంది, 2002లోనే జేసీఐ (ఆసుపత్రుల నాణ్యతను పరీక్షించే అంతర్జాతీయ సంస్థ) గుర్తింపు తెచ్చుకుంది. పొద్దున పరగడుపున వెళితే మధ్యాహ్నానికి అన్నీ ఒకే భవనంలో అయిపోతాయి, ఎక్కడా తోపులాట ఉండదు, ధరలు వెబ్‌సైట్‌లోనే కనిపిస్తాయి. ఈ సౌకర్యం నిజమే. కానీ జేసీఐ ముద్ర మన దగ్గరా ఉంది. ఢిల్లీ ఇంద్రప్రస్థ అపోలోకు 2005లోనే వచ్చింది. షుగర్, కొలెస్ట్రాల్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) కోసం సముద్రం దాటక్కర్లేదు.

ప్యాకేజీలకు సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని పేర్లుంటాయి. పైమెట్టుకు వెళ్లేకొద్దీ ఎక్కువగా కలిసేవి ట్యూమర్ మార్కర్లు, అంటే కొన్ని క్యాన్సర్లలో పెరిగే పదార్థాలను రక్తంలో కొలిచే పరీక్షలు: సీఈఏ, సీఏ 19-9, సీఏ 125. ఏ లక్షణాలూ లేనివాళ్లలో క్యాన్సర్ వెతకడానికి వీటిని వాడమని వైద్య మార్గదర్శకాలు చెప్పవు. అంకె కాస్త ఎక్కువొస్తే చాలు, స్కాన్లు మొదలవుతాయి. ఒళ్లంతా ఎంఆర్ఐ తీయించుకోవడానికి కూడా తగిన ఆధారాలు లేవని 2023లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ చెప్పింది. నన్నడిగితే మీలాంటివాళ్లు ప్లాటినం దగ్గర పెట్టే అదనపు డబ్బు ఆరోగ్యానికి కాదు, భయానికి కడుతున్న బిల్లు.

ఇదే ప్యాకేజీలో మీ విషయంలో అడగాల్సిన పరీక్ష ఉందో లేదో చూడండి. 50 నుంచి 80 ఏళ్ల వయసుండి, రోజుకు 20 చొప్పున 20 ఏళ్లు కాల్చి, మానేసి 15 ఏళ్లు దాటనివాళ్లకు ఏటా లో డోస్ సీటీతో (తక్కువ రేడియేషన్‌తో తీసే స్కాన్‌తో) ఊపిరితిత్తులు చూడాలని అమెరికా నిపుణుల బృందం సిఫారసు. మీరు ఆ లెక్కలోకి వస్తారు. చాలా ప్యాకేజీల్లో దాని బదులు ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది, ఆ పనికి అది చాలదు. అయితే మన దగ్గర పాత టీబీ మచ్చలు కూడా సీటీలో అనుమానంగా కనిపిస్తాయి కాబట్టి తీయించాలా వద్దా అన్నది గుంటూరులోనో విజయవాడలోనో ఛాతీ డాక్టరు తేల్చాలి. మేడమ్‌గారికి మామోగ్రామ్, గర్భాశయ ముఖద్వార పరీక్ష. ఇద్దరికీ బీపీ, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష), మలంలో రక్తం పరీక్ష. ఇంతవరకు మీ ఫ్యామిలీ డాక్టరే రాసిస్తారు.

అసలు ఖర్చు రిపోర్టు వచ్చాక మొదలవుతుంది. సీటీలో 7 మిల్లీమీటర్ల చిన్న గడ్డ కనబడిందనుకోండి. చాలాసార్లు వెంటనే చేసేదేమీ ఉండదు, 6 నుంచి 12 నెలల్లో మళ్లీ సీటీ తీసి పెరిగిందేమో చూస్తారు. ఆ రెండో సీటీకి మళ్లీ బ్యాంకాక్ వెళతారా? ఇక్కడ తీయిస్తే, పోల్చి చూడటానికి పాత బొమ్మలు కావాలి. కాగితం మీది రిపోర్టు చాలదు, సీడీ అడిగి తెచ్చుకోవాలి. అక్కడి డాక్టరు ‘గుండెలో బ్లాకు అనుమానం, రేపే యాంజియోగ్రామ్ చేద్దాం’ అంటే? అబ్బాయి కంపెనీ పాలసీ విదేశాల్లో పనికిరాకపోవచ్చు, ఈ తరహా పాలసీలు ఎక్కువగా దేశంలోపలే పనిచేస్తాయి. ట్రావెల్ ఇన్సూరెన్స్ హఠాత్తుగా వచ్చిన జబ్బుకు, ప్రమాదానికి; చెకప్‌కు గానీ అందులో బయటపడ్డ పాత జబ్బు వైద్యానికి గానీ మామూలుగా ఇవ్వదు. అంతా చేతి డబ్బే. వెళితే మాత్రం విమానం ఎక్కకముందే ఇద్దరూ అనుకోండి: ప్రాణం మీదికి వస్తే తప్ప ఏ వైద్యమైనా తిరిగొచ్చాకే.

ఇంత చదివాక కూడా బ్యాంకాకే అంటారా? అయితే డబ్బు కట్టకముందు ఆసుపత్రికి మెయిల్ పెట్టండి. డాక్టరు ఫీజు ప్యాకేజీలో ఉందా, విడిగానా? మేడమ్‌గారికి మామోగ్రామ్ చేరిందా? రిపోర్టు ఇంగ్లిష్‌లో, స్కాన్ల సీడీతో ఇస్తారా? వీటికి రాతపూర్వకంగా జవాబు రావాలి, ఏజెంటు ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు.

చివరికి కార్డు సంగతి. విదేశంలో ఉండి క్రెడిట్ కార్డు గీకితే, ఇప్పటి నిబంధనల ప్రకారం అది ఆర్‌బీఐ ఎల్‌ఆర్‌ఎస్ పరిమితి (ఏడాదిలో విదేశాలకు పంపగల డబ్బుకు పెట్టిన హద్దు) కిందికి రాదు, టీసీఎస్ (అమ్మేవాళ్లో బ్యాంకో ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) పడదు. ఏజెంటు విమానం, హోటలు కలిపి టూర్ ప్యాకేజీగా అమ్మితే మొదటి రూపాయి నుంచే టీసీఎస్ పడుతుంది. రిటర్నులో సర్దుబాటవుతుంది కానీ అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కుంటుంది. టికెట్లు, గది మీరే విడివిడిగా బుక్ చేసుకుంటే ఈ బాధ లేదు.

కార్డులో అసలు కోత మార్కప్, అంటే విదేశీ కరెన్సీలో కడితే బ్యాంకు వేసే అదనపు రుసుము. 60,000 బాట్లు, బాటు 2.80 రూపాయలు అనుకుంటే 1,68,000. దానిపై మార్కప్ 3.5 శాతం అనుకుంటే 5,880, దాని మీద 18 శాతం జీఎస్టీతో కలిపి 6,938. మార్కప్ తక్కువున్న కార్డో ఫారెక్స్ కార్డో (ముందే విదేశీ కరెన్సీ నింపుకునే కార్డు) ఉంటే ఇందులో చాలావరకు మిగులుతుంది. కౌంటరు దగ్గర ‘రూపాయల్లో కట్టమంటారా, బాట్లలోనా’ అని మెషీన్ అడిగితే బాట్లే నొక్కండి, రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం.