‘నాన్నకి చెప్పకు’ అన్నది ఎవరమ్మా?

ఉత్తరం: మేము టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఉంటాం. నాకు 41 ఏళ్ళు, ఉద్యోగం చేస్తున్నాను. మా అమ్మాయి ఈ ఏడాదే హైస్కూల్‌కి వచ్చింది, తొమ్మిదో తరగతి. మొదటి సెమిస్టర్ ఇంకో రెండు వారాల్లో అయిపోతుంది. అడ్వాన్స్‌డ్ జామెట్రీ అర్థం కావడం లేదని ఏడిస్తే సెప్టెంబర్‌లో మామూలు జామెట్రీకి మార్పించాను. ‘నాన్నకి చెప్పకు, సమయం చూసి నేను చెబుతాను’ అన్నాను. ఆయన నోట్లో ఎప్పుడూ ‘టాప్ ఫైవ్ పర్సెంట్’ తప్ప ఇంకో మాట లేదు. స్కూల్ మెయిల్స్ కూడా నా ఐడీకే వచ్చేలా పెట్టుకున్నాను. తీరా ఆ మామూలు క్లాసులోనే మొదటి తొమ్మిది వారాలకి 68 వచ్చింది. ఆ మార్కుల మెయిల్‌ని అమ్మాయి నా ఫోన్‌లోంచి తీసేసి నాకు కూడా చెప్పలేదు. అక్టోబర్ ఆఖరి శుక్రవారం ఫుట్‌బాల్ ఆటకి, బ్యాండ్‌లో అది క్లారినెట్ వాయించడం చూద్దామని వెళ్తే, అందరూ యూనిఫాంలో ఉంటే ఇది జీన్స్ వేసుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. 70కి తగ్గితే మూడు వారాలు పాల్గొననివ్వరని పక్కావిడ చెబితే తెలిసింది. కన్నతల్లిని ఇలా మోసం చేస్తుందా? వారం రోజులు దానితో మాట్లాడలేదు, ఇప్పుడూ అవసరానికే. మావారు కొట్టరు, తిట్టరు, కోపం వస్తే మాట్లాడటం మానేస్తారు. పోయినేడు మా అమ్మ కంటి ఆపరేషన్‌కి నేను 500 డాలర్లు పంపిన సంగతి తెలిసి పదకొండు రోజులు మాట్లాడలేదు. రెండో సెమిస్టర్‌కి బ్యాండ్ మాన్పించాలా? ఫోన్ తీసేసుకోవాలా? అత్తయ్యగారూ మామయ్యగారూ సంక్రాంతికి ఇండియా వెళ్ళేదాకా ఆయన దగ్గర మార్కుల సంగతి దాచమంటారా?

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటికి ముందు చెప్పేస్తాను. ఎక్కువసేపు పట్టదు.

బ్యాండ్ మాన్పించకండి. శుక్రవారం ఆటలు, ఎండలో కవాతులు, అర్ధరాత్రి బస్సు దిగడాలు అన్నీ నవంబర్‌తో సరి. జనవరి నుంచి గదిలో కూర్చుని వాయించే కన్సర్ట్ బ్యాండే. చదువుకి అడ్డం వచ్చిన కాలం గడిచిపోయాక ఇప్పుడు మాన్పించి ఏం సాధిస్తారు? పైగా ఫైన్ ఆర్ట్స్‌లో, అంటే సంగీతం లాంటి కళల్లో, ఒక క్రెడిట్ లేనిదే టెక్సస్‌లో హైస్కూల్ డిప్లొమా చేతికి రాదు. ఏడాది మొత్తం ఉంటే ఆ ఒక్క క్రెడిట్ పూర్తవుతుంది, సగంలో లాగేస్తే అర దగ్గర ఆగిపోతుంది. ఫోన్ కూడా దాని దగ్గరే ఉండనివ్వండి. మెయిల్ తీసేసింది మీ ఫోన్‌లోంచి కదా, దాని ఫోన్‌కి శిక్ష దేనికి?

ఇక లెక్క. మీరు రాసిన ప్రకారం మొదటి తొమ్మిది వారాలకి 68, రెండోదానికి ఇప్పటిదాకా 74, ఫైనల్ పరీక్షకి 20 శాతం. మిగతా 80 చెరి సగం వేస్తే పిల్ల చేతిలో ఇప్పటికే 56.8 ఉన్నాయి. ఫైనల్లో నూటికి 66 తెచ్చుకుంటే సెమిస్టర్ 70తో గట్టెక్కుతుంది. 68 నుంచి 74కి ఎక్కిన పిల్లకి 66 కొండేమీ కాదు. బడి మొదలయ్యే ముందో, వదిలాకో ట్యుటోరియల్స్ పేరుతో టీచర్లే కూర్చోబెట్టి చెబుతారు, పైసా కట్టక్కర్లేదు. ఈ రెండు వారాలూ పొద్దున్నే దింపి రండి, చాలు. మీ ఉత్తరం ఇక్కడ కుదించి వేశాను గానీ, పూర్తి ఉత్తరంలో 68 నాలుగుసార్లు ఉంది. 74 ఒక్కసారి, అదీ బ్రాకెట్లో. అది ఎలా తెచ్చుకుందో ఎవరైనా అడిగారా?

చదువు సంగతి అంతే. మీరు మూడు పేజీలు రాసింది దాని కోసమేమీ కాదని నాకు అనిపిస్తోంది.

‘కన్నతల్లిని మోసం చేస్తుందా’ అన్నారు. ఆ పిల్ల చేసింది వరసగా పెట్టి చూడండి. చెడ్డ కబురు ఒకటి వచ్చింది. వింటే ఇంట్లోవాళ్ళకి కోపం వస్తుందని భయపడింది. సమయం చూసి చెబుదాంలే అనుకుంది. ఈలోగా కాగితం వాళ్ళ కంటపడకుండా చేసింది. సెప్టెంబర్‌లో మీరు చేసింది కూడా ఇదే, ఇదే వరసలో. మీరు మెయిల్స్ మళ్ళించుకున్నారు, అది మెయిల్ తీసేసింది. మీరు మార్పిడి కాగితం మీద సంతకం పెట్టి చేసిన పనిని అది రెండు వేళ్ళతో చేసింది. నేర్చుకునే వయసు, ఎదురుగా పాఠం జరుగుతుంటే నేర్చుకోదూ?

పాఠం సెప్టెంబర్‌లో మొదలైందని కూడా నేను అనుకోను. ఆ 500 డాలర్ల సంగతే తీసుకోండి. సంపాదించింది మీరు. ఆపరేషన్ జరిగింది మీ అమ్మ కంటికి. దాన్ని దొంగచాటుగా పంపాల్సిన ఖర్మ మీకేం పట్టిందమ్మా? చీర ధర తగ్గించి చెప్పడం, తమ్ముడితో ఫోన్ మాట్లాడి కాల్ లిస్ట్ చెరిపెయ్యడం, ఇవి మీరు రాయలేదు. నేనే ఊహిస్తున్నాను. తప్పైతే క్షమించండి. ఇరవై ఏళ్ళుగా ఇలాంటి ఉత్తరాలు చదువుతున్నదాన్ని, చాలాసార్లు తప్పు కాదు.

‘కొట్టరు, తిట్టరు’ అని మీవారికి కితాబులా రాశారు. పదకొండు రోజులు ఒకే కప్పు కింద మాట లేకుండా ఉండటం ఏమంత మెత్తని సంగతి? తిట్టే మనిషికి ఎదురు తిరగొచ్చు, నోరు కట్టేసుకున్న మనిషితో ఏం చేస్తాం! అలాంటి ఇళ్ళలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. ‘నాన్నని అన్నానికి రమ్మను.’ ‘కారు తాళాలు కావాలేమో అమ్మనడుగు.’ మధ్యలో తిరిగేది పిల్ల. ఎవరి మొహం ఎలా ఉందో చూసి, మాట ఎక్కడ కత్తిరించాలో, ఎక్కడ తీపి పుయ్యాలో పసితనంలోనే దానికి వచ్చేస్తుంది. మీ అమ్మాయికి ఆ పదకొండు రోజులూ ఎలా గడిచాయో మీరు రాయలేదు.

అన్నిటికంటే నన్ను ఆపేసింది ఆ తర్వాతి మాట. 68 సంగతి తెలియగానే మీరు ఏం చేశారు? వారం రోజులు మాట్లాడలేదు. ఆయన దగ్గర మీరు దేనికి భయపడి చస్తున్నారో సరిగ్గా దాన్నే తెచ్చి పద్నాలుగేళ్ళ పిల్లకి వడ్డించారు. మీకు తట్టలేదా? తట్టే ఉంటుంది, అందుకే ఆ ఒక్క వాక్యాన్ని గబగబా దాటేశారు.

నేను మా అమ్మాయి దగ్గర, మీ ఊళ్ళ వైపే, ఒక ఆరు నెలలున్నాను. హోమ్‌కమింగ్ అని పాత విద్యార్థుల్ని పిలిచి బడిలో సంబరం చేసే వారంలో ఆడపిల్లలు ‘మమ్’ అని ఒకటి తగిలించుకుంటారు. పెద్ద ఉత్తుత్తి చేమంతి, దానికి మోకాళ్ళ దాకా రిబ్బన్లు, చిరుగంటలు. మన పెళ్ళికూతురి పూలజడ దాని ముందు దిగదుడుపే. ఘల్లుఘల్లుమంటూ ఆ బరువు మోస్తూ ఎంత గర్వంగా నడుస్తారో! శుక్రవారం రాత్రి ఆ దీపాల కింద బ్యాండ్ మైదానంలోకి దిగుతుంటే నాకే ఒళ్ళు పులకరించింది, ఆట ఒక్క ముక్క అర్థం కాకపోయినా. అలాంటి చోట మీ పిల్ల జీన్స్ వేసుకుని, తోటివాళ్ళ నీళ్ళసీసాలు ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. ఊరంతా చూసింది. టెక్సస్‌లో ఆ నిబంధన 1984 నుంచి ఉంది, ‘నో పాస్, నో ప్లే’ అంటారు. దాని ప్రకారం ప్రదర్శనలోకి రానివ్వరు గానీ, ప్రాక్టీస్‌కి రావచ్చు. మూడు వారాలూ ఒక్క రోజు మానకుండా ప్రాక్టీస్‌కి వెళ్ళిందని మీరే రాశారు. శుక్రవారం వాయించనివ్వరని తెలిసి కూడా సోమవారం నుంచి గురువారం దాకా క్లారినెట్ మోసుకెళ్ళిన పిల్లని పట్టుకుని మోసగత్తె అంటున్నారు. శిక్ష ఎప్పుడో అయిపోయిందమ్మా. మీ వారం రోజుల మౌనం దాని మీద వడ్డీ.

మా నాన్నగారిదీ మీవారి వరసే. నేను తొమ్మిదిలో ఉండగా అర్ధ సంవత్సరం పరీక్షల్లో లెక్కల్లో 31 వచ్చాయి. ప్రోగ్రెస్ కార్డు మీద అమ్మ సంతకం చేసింది, వంటింటి గట్టు మీద పెట్టి, తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని. నాన్న సంతకం ఇంగ్లీషులో గొలుసులా ఉండేది. అమ్మకి వచ్చింది తెలుగులో పేరు, అదీ అక్షరం అక్షరం నొక్కి. మాస్టారు చూసి ఏమీ అనలేదు. అమ్మ నా వైపు ఉందని నేను సంతోషపడాలి కదా? పడలేదు. అమ్మకే ఇంత భయమైతే ఇక నాకు దిక్కెవరు అనిపించింది. ఆ తర్వాత అమ్మకి కూడా ఏదీ చెప్పలేదు.

మీవారిని రాక్షసుణ్ణి చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆయన ‘టాప్ ఫైవ్ పర్సెంట్’ పిచ్చి ఎక్కడిదో తెలుసు. తరగతిలో పై 10 శాతంలో ఉన్నవాళ్ళకి రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు ఖాయమని 1997లో టెక్సస్‌లో చట్టం తెచ్చారు. ఆస్టిన్ యూనివర్సిటీ ఒక్కటీ గిరాకీ తట్టుకోలేక దాన్ని 6కి, 2026లో చేరేవాళ్ళ నుంచి 5కి తగ్గించింది. మన తండ్రులకి ఆ అయిదు మంత్రమైపోయింది. ఆస్టిన్ కాకపోతే టెక్సస్ ఏఅండ్ఎమ్ యూనివర్సిటీ ఉంది, మీ పక్కనే రిచర్డ్‌సన్‌లో యూటీ డాలస్ ఉంది. వాటికి ఆ 10 శాతం ఇప్పటికీ చెల్లుతుంది. ఆ లోపల రాకపోయినా అప్లికేషన్ పెట్టుకోవద్దని ఎవరూ అనలేదు. అదలా ఉంచండి. పిల్ల అడ్వాన్స్‌డ్‌లోనే ఉందనుకుని ఆయన లెక్కలు వేసుకుంటున్నారు. వాళ్ళ అక్కకి అలాగే చెబుతున్నారు, తల్లిదండ్రుల ముందు అలాగే అంటున్నారు. ఏదో ఒక రోజు ఏ పుట్టినరోజు పార్టీలోనో ఇంకో పిల్ల తండ్రి నోటి వెంట అసలు సంగతి వింటారు. అప్పుడు ఆయన మాట్లాడటం మానేస్తే తప్పు ఆయనదని నేను అనలేను. భర్తని భయపడాల్సినవాణ్ణీ మీరే చేశారు, ఏమీ తెలియని వెర్రివాణ్ణీ మీరే చేశారు. ఈ రెండోది ఆయనకి అవమానం.

కాబట్టి సంక్రాంతి దాకా దాచే మాట వదిలెయ్యండి. ఫైనల్ పరీక్షకి ముందే, ఈ శనివారమే చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్ళ ముందు వద్దు. సరుకులకి ఇద్దరూ వెళ్తారుగా, కొట్టు ముందు కారు ఆపుకుని చెప్పండి. మెసేజ్ పెట్టకండి, పిల్లని పక్కన కూర్చోబెట్టకండి. వరస ముఖ్యం. ముందు మీ సంగతి: ‘సెప్టెంబర్‌లో క్లాసు మార్పించింది నేను. చెప్పొద్దని పిల్లకి చెప్పింది కూడా నేనే. మీరు మాట్లాడటం మానేస్తారని భయపడ్డాను.’ ఆఖరి వాక్యం మింగెయ్యకండి, అసలు చెప్పాల్సింది అదే. పిల్ల 68 దాని తర్వాత. అమ్మకి ఇక మీదట కూడా డబ్బు పంపుతానని, చెప్పే పంపుతానని కూడా ఆ పూటే అనెయ్యండి. అనుమతి అడిగినట్టు మాత్రం అనకండి.

ఆయన అలుగుతారా? అలగనివ్వండి. మీరు మాత్రం నోరు మూసుకోకండి. కంచం పెట్టి ‘అన్నానికి రండి’ అని మీరే పిలవండి. కాఫీ ఇచ్చి ఆ రోజు ఆఫీసులో ఏమైందో చెప్పండి. జవాబు రాకపోయినా చెబుతూనే ఉండండి. పిల్ల చేత కబుర్లు మోయించడం ఈ రోజుతో బంద్. పదకొండు రోజులు కాస్తా ఇరవై అయినా సరే. కష్టమే, నాకు తెలుసు. పెద్దవాళ్ళు ఏమైందని అడిగితే ‘మీ అబ్బాయినే అడగండి’ అనండి. తప్పేం లేదు, మీ అత్తగారికి కొడుకు సంగతి మీకంటే ముందే తెలుసు.

అంతకంటే ముందు, ఈ రాత్రే, పిల్ల గదిలోకి వెళ్ళండి. ఉపన్యాసం వద్దు. ‘నాన్నకి చెప్పకు అనడం నాది తప్పు. నీతో మాట్లాడకుండా ఉండటం ఇంకా తప్పు. శనివారం నాన్నకి నేనే చెబుతున్నాను’ అనండి. అది ఏడవొచ్చు, ‘ఓకే’ అని మళ్ళీ ఫోన్ చూసుకోవచ్చు. రెండోదే జరగొచ్చు, బాధపడకండి. పొద్దున్న ట్యుటోరియల్‌కి ఎన్నింటికి దింపాలో మాత్రం అడిగి రండి.

మీవారికి చెప్పాక నాకు మళ్ళీ రాయండి. చెప్పకుండా మాత్రం రాయకండి.